ప్రాసెసరు వేడిమి: ఎంతవఱకు క్షేమము?



క్రొత్తగా గేమింగు కంప్యూటరు కొన్న యిండ్లలో నేడు తఱచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు. పిల్లవాడు ఆట ప్రారంభించిన అరగంటకు తెర మూలన ప్రాసెసరు ఉష్ణోగ్రత 88 అనియో, 92 అనియో కనబడును; నీళ్లు మఱుగునది 100 దగ్గఱ గదా, లక్షకు పైబడి పోసి కొన్న యంత్రము లోలోపల ఉడికిపోవుచున్నదేమో యని తండ్రికి దిగులు పట్టును; అంగడివానిని అడిగినచో ‘అది మామూలేనండి’ అనును; పొరుగింటి కుఱ్ఱవానిని అడిగినచో ‘వెంటనే కట్టివేయండి’ అనును. ఈ దిగులు అకారణమని నేను చెప్పబోను. అయితే 88 అను అంకె ఒంటరిగా నిలిచినప్పుడు దానికి అర్థమే లేదనియు, ఏ ప్రాసెసరు, ఏ పనిలో, ఎంత వేడి గల గదిలో, ఏ వేగముతో నడచుచు ఆ అంకెను చూపినదో తెలిసిన పిమ్మటనే అది క్షేమమో కాదో నిర్ణయింపదగుననియు మనవి చేయుటకే ఈ సాయంకాలము మీ యెదుట నిలిచితిని.

ముందుగా వేడిమి ఎక్కడిదో చూతము. ప్రాసెసరులో కోట్లకొలది ట్రాన్సిస్టరులు ఎడతెగక తెఱచుకొనుచు మూసికొనుచు నుండును; అట్లు మాఱిన ప్రతిసారియు లేశమాత్రమైన విద్యుచ్ఛక్తి ఉష్ణరూపము దాల్చును; సెకనుకు అయిదువందల కోట్ల ఆవృత్తుల వేగమున ఆ లేశములన్నియు కూడి నూఱు వాట్లకు మించును. ట్రాన్సిస్టరు చిన్నదగుకొలది దానికి కావలసిన వోల్టేజిని కూడ తగ్గింపవచ్చుననియు, అందువలన ఎన్ని ట్రాన్సిస్టరులను క్రిక్కిఱియ నింపినను వైశాల్యమును బట్టి చూచిన వేడిమి పెరుగదనియు 1974లో రాబర్టు డెన్నార్డును ఆయన సహచరులును వివరించిరి. ముప్పది యేండ్లు ఆ సూత్రము ఈ పరిశ్రమకు వెలుగుచూపినది. సుమారు 2005 నాటికి వోల్టేజిని ఇంక తగ్గించుటకు వీలులేకపోయెను, నిష్కారణముగా కారిపోవు విద్యుత్తు మిక్కుటమాయెను, ఆ సౌలభ్యము మనకు దూరమయ్యెను. నేటి ఏఎండీ రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసరునే తీసికొనుడు: 142 వాట్ల వఱకు గ్రహింపగల దానిలో లెక్కలు చేయు ఎనిమిది కోరులును ఒక చదరపు సెంటీమీటరుకు మించని సిలికాన్ ముక్కలో ఇమిడియున్నవి. అంత యిఱుకున పుట్టిన వేడిమి పైనున్న లోహపు మూతను, దానిమీది పేస్టును, హీట్‌సింకును దాటి గాలిలో కలియవలెను. మొదటి అడుగే యిఱుకు గనుక, ఎంత ఖరీదైన కూలరు కొన్నను అంకె అమాంతముగా దిగిరాదు.

పూర్వకాలపు భయము మన మనస్సులలో నేటికిని నిలిచియుండుటకు కారణము లేకపోలేదు. 2001లో, కంప్యూటరు పనిచేయుచుండగనే ప్రాసెసరుపై నుండి హీట్‌సింకును ఊడదీసి చూపిన చలనచిత్రమొకటి లోకమంతట వ్యాపించెను. అందు ఏఎండీ అథ్లాన్ క్షణములలో పొగలు గ్రక్కి కాలిపోయెను. ఇంటెల్ పెంటియం 4 మాత్రము తన వేగమును తానే తగ్గించుకొని బ్రతికి బయటపడెను. ఆనాడు వింతగా తోచిన ఆ గుణము నేడు ప్రతి డెస్క్‌టాప్ ప్రాసెసరునకును ఉన్నది. కోరుల ప్రక్కనే అమర్చిన ఉష్ణమాపకములు హద్దు సమీపించుటను గమనించి మొదట వేగమును తగ్గించును. అప్పటికిని వేడిమి ఆగక పెరిగినచో యంత్రమే ఆగిపోవును. ఇట్టి రెండు కాపలాలు ఉండగా, ఒక్క సాయంకాలపు ఆటలో ప్రాసెసరు బూడిదయగునన్న భయమునకు తావులేదు.

ఆ హద్దు ఎంత? తయారీదారు ప్రతి ప్రాసెసరునకును ఒక గరిష్ఠ ఉష్ణోగ్రతను ప్రకటించును. టీజే మ్యాక్స్ అని దానికి వాడుక. ఇంటెల్ 13, 14 తరములకు చెందిన డెస్క్‌టాప్ కోర్ ప్రాసెసరులకు సామాన్యముగా 100 డిగ్రీలు. రైజెన్ 7 7700ఎక్స్‌కు 95. రైజెన్ 7 5800ఎక్స్‌కు 90. ఆటగాండ్రు మిక్కిలి మెచ్చు రైజెన్ 7 7800ఎక్స్3డీకి, సిలికాన్ మీద క్యాషె మెమరీ పొర ఒకటి అదనముగా పేర్చబడినందున, 89 మాత్రమే. కావున 88 అను అంకె ఒక ప్రాసెసరులో హద్దుకు పండ్రెండు డిగ్రీల దూరము, వేఱొకదానిలో హద్దు అంచు. 2022లో 7000 వరుసను విడుదల చేసినప్పుడు, కోరులన్నియు పూర్తి భారమున నున్న వేళ 95 డిగ్రీలకు చేరి అక్కడనే నిలుచుట తమ రూపకల్పనలోని భాగమేయని ఏఎండీ వారు బహిరంగముగానే చెప్పిరి. చల్లదనము మిగిలియున్నంతవఱకు వేగమును పెంచుకొనుచు పోవుటయే ఆ ప్రాసెసరుల స్వభావము.

అట్లని 95 చూచినను నిశ్చింతగా ఉండుడని నేననుట లేదు. సినెబెంచ్ వంటి పరీక్షలో ఎనిమిది కోరులును ఏకకాలమున శ్రమించి 95 చేరుట వేఱు. కోరులు పూర్తిగా నిండని ఆటలో అదే 95 చేరుట వేఱు. కూలరు చక్కగా బిగించిన యంత్రము ఆటలో 60కిని 80కిని నడుమ నుండుట సామాన్యము. ఏ పనియు చేయక ఊరకున్నప్పుడు రైజెన్ ప్రాసెసరు 40, 50 డిగ్రీల నడుమ నుండి, బ్రౌజరు తెఱచిన మాత్రమున పది పదునైదు డిగ్రీలు పైకెగిరి మఱుక్షణమే దిగివచ్చును. ఒక్క కోరు ఒక్కసారి పరుగెత్తుటవలన కలుగు ఆ ఎగురుడును చూచి కలతపడనక్కఱలేదు. ఊరకున్న యంత్రమే 75 దాటి అక్కడ స్థిరపడినచో మాత్రము ఉపేక్షింపరాదు.

ఇక మన ప్రాంతమునకు ముఖ్యమైన విషయమునకు వచ్చెదను. కూలరు ఎంత గొప్పదైనను ప్రాసెసరును గదిలోని గాలికంటె చల్లగా నుంచజాలదు. అది చేయునదెల్ల, గది ఉష్ణోగ్రతకును ప్రాసెసరు ఉష్ణోగ్రతకును గల అంతరమును కొంత మేఱలో ఉంచుటయే. డిసెంబరులో 24 డిగ్రీల గదిలో ఆట సాగుచుండగా ప్రాసెసరు 74 చూపెననుకొనుడు, అంతరము 50. అదే యంత్రము, అదే ఆట, మే మాసమున ఏసీ లేని 38 డిగ్రీల గదిలో ఇంచుమించు 88 చూపును. యంత్రమునకు ఏమియు కాలేదు. ఋతువు మాఱినది, అంతే. చల్లని దేశములలో 20, 22 డిగ్రీల గదులలో పరీక్షించి వ్రాసిన అంకెలను చదివి, రామగుండములోనో రెంటచింతలలోనో, వెలుపల 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున తమ యంత్రమును వానితో పోల్చుకొని బాధపడు యువకులను చూచినప్పుడు నాకు నిజముగా జాలి కలుగును. గోడకు ఒక చిన్న థర్మామీటరు తగిలించుకొని ప్రతి కొలతతోపాటు గది వేడిమిని కూడ వ్రాసికొన్నవారికి ఈ బాధలో సగము తీఱిపోవును.

చూచు విధానము కష్టమైనది కాదు. హెచ్‌డబ్ల్యుఇన్ఫో అను ఉచిత సాఫ్ట్‌వేరును తెఱచినచో ప్రతి కొలతకును ఎదురుగా ప్రస్తుత, కనిష్ఠ, గరిష్ఠ, సగటు విలువలు నాలుగు నిలువు వరుసలలో కనబడును. చాలమంది గరిష్ఠమును మాత్రమే చూచి గుండెలు బాదుకొందురు. అది ఒక్క క్షణపు ఎగురుడు కావచ్చును. సగటును చూడుడు, దానితోపాటు గడియార వేగమును చూడుడు. 7700ఎక్స్ మూల వేగము 4.5 గిగాహెర్ట్‌జులు, ఒంటి కోరు గరిష్ఠ వేగము 5.4. ఉష్ణోగ్రత హద్దున నున్నను వేగము అయిదుకు పైనే నిలిచియున్నచో కూలరు తన పని తాను చేయుచున్నదనుకొనవచ్చును, వేగము 4.5కు దిగువకు జారినచో వేడిమి మార్గమున ఎక్కడనో అడ్డు కలదు. పరీక్ష పది నిమిషములతో ముగింపరాదు. ఆటలో గ్రాఫిక్సు కార్డు మఱి యొక పొయ్యి: ఆర్‌టీఎక్స్ 4070 ఒక్కటే 200 వాట్ల వఱకు కేబినెట్‌లో క్రుమ్మరించును; ఆ వేడిగాలి నిండిన తరువాతనే ప్రాసెసరు నిజమైన స్థితి తెలియును గనుక గంటసేపైన ఆట సాగవలెను. అంకెలను గ్రుడ్డిగా నమ్మరాదని కూడ హెచ్చరించుచున్నాను: 2017లో వచ్చిన రైజెన్ 7 1700ఎక్స్ ఫ్యానుల నియంత్రణ కొఱకు అసలు ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపి చూపెడిది, ఆ సంగతి తెలియక ఎందఱో క్రొత్త కూలరులు కొనిరి.

దోషము నిజముగానే ఉన్నదని తేలినప్పుడు వెదకవలసిన చోట్లు కొద్దివే. క్రొత్త యంత్రములలో అన్నిటికంటె బాధాకరమైనది, కూలరు అడుగుభాగమునకు రక్షణగా అంటించి పంపిన పలుచని ప్లాస్టిక్ పొరను తీయక అట్లే బిగించుట. గాజువలె తేటగా నుండు ఆ పొర కంటికి ఆనదు. పేస్టు దానిమీదనే పూయబడును. రాగికిని మూతకును నడుమ ఆ పొర తెరవలె నిలిచిపోవును. యంత్రము ఆన్ చేసిన కొలది నిమిషములలోనే ఉష్ణోగ్రత హద్దును తాకి అక్కడనే కూర్చుండును. కూలరును విప్పి చూచినచో పొరకు వెనుకవైపున రాగి పొడిగా మెఱయుచుండును. పొర తీసి, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్రొత్తది పూసి, నాలుగు మరలను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక మూలనే పూర్తిగా బిగించినచో, వంకరబోయిన పెనము మీది దోసె ఒకచోట మాడి వేఱొకచోట పచ్చిగా నుండునట్లు, ఒక కోరు 90 చూపుచుండ ప్రక్క కోరు 70 దగ్గఱనే నిలుచును. నీటి కూలరయినచో పంపు తీగ మదర్‌బోర్డునకు తగిలించబడినదో లేదో చూడవలెను. ఫ్యానులు గాలిని లోపలికి లాగుచున్నవా, వెలుపలికి త్రోయుచున్నవా అని కాగితపు ముక్క అడ్డుపెట్టి చూచినచో చాలును. కేబినెట్‌ను గోడకు ఆనించి, బల్లక్రింది అఱలో మూసియుంచు అలవాటు మన యిండ్లలో మిక్కుటము. దానిని ఇవతలకు జరుపుడు.

దీర్ఘాయుష్షును గుఱించి అడుగువారికి ఒక మాట. లోహపు సన్నని తీగలలో విద్యుత్ప్రవాహము పరమాణువులను మెల్లమెల్లగా నెట్టివేయుట, అనగా ఎలక్ట్రోమైగ్రేషన్, వేడిమితో త్వరితమగునని 1969లో జేమ్స్ బ్లాక్ సూత్రీకరించెను. కావున పది డిగ్రీలు తగ్గుట ఎన్నటికిని మంచిదే. అయితే వేడిమి ఒక్కటే శత్రువు కాదు. 2024లో ఇంటెల్ 13, 14 తరముల ప్రాసెసరులు కొన్ని ఆటల నడుమ కుప్పకూలినప్పుడు, అవసరమునకు మించిన వోల్టేజిని ప్రాసెసరే కోరుట ప్రధానకారణమని తేలెను. ఆగస్టులో ఇంటెల్ 0x129 అను మైక్రోకోడును విడుదల చేసి, వారంటీని రెండేండ్లు పొడిగించెను. అట్టి ప్రాసెసరు గలవారు, ఉష్ణోగ్రత ఎంత చల్లగా కనబడినను, మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చిన క్రొత్త బయోస్ వేసికొనుట తప్పనిసరి.

అన్నియు సరిగా నున్నను వేసవిలో అంకె మనస్సును కలచుచున్నచో, క్రొత్త కూలరు కొనుటకు ముందు బయోస్‌లోని ఎకో మోడును ప్రయత్నింపుడు. 7700ఎక్స్‌ను 65 వాట్ల ఎకో మోడులో ఉంచినచో అది గ్రహించు శక్తి 142 వాట్ల నుండి 88 వాట్లకు పరిమితమగును. కోరులన్నియు పూర్తిగా శ్రమించు పనులలో కొంత వేగము తగ్గుటకద్దు. ఆటలలో మాత్రము ఎనిమిది కోరులును నిండుట అరుదు గనుక ఆ లోటు కంటికి ఆనుట కష్టము. ఖర్చు లేదు, విప్పుట లేదు. వానలు పడి గది చల్లబడినప్పుడు మరల పూర్వస్థితికి మార్చుకొనవచ్చును.