మెడపట్టు

మా కాజీపల్లి బాటపై ఎడ్లబండ్లు తప్ప మఱేమియు తిరుగని దినములను నేనెఱుగుదును. ఇప్పుడా బాట లారీలతో నిండియున్నది. నిరుడు నేనెక్కిన ఆటో నిలిచియుండగా వెనుకనుండి యొక లారీ తాకినది. క్రిందఁ బడలేదు, నెత్తురు రాలేదు. తల మాత్రమొక్కసారి వెనుకకుఁ బోయి ముందునకు వచ్చినది. ఇంటికి నడిచియే వచ్చితిని. మఱునాటి యుదయమునకు మెడ కొయ్యవలె బిగిసినది.

"మెడ పట్టింది సారూ, ఒక్కసారి తిప్పి విరిస్తే పోతది" అని ఇరుగుపొరుగువారు మెడలు సరిచేయువానిని పిలిపించిరి. నేను తల యప్పగింపఁబోవుచుండగా మా కోడలు అడ్డుపడి వైద్యునికడకుఁ గొనిపోయినది. "ఇది నిద్రలో పట్టిన మెడ కాదు, విప్లాష్. ఎముక సంగతి తేలువఱకు ఎవరిని తాకనీయకుడు" అని యాయన పటము తీయించెను. ఎముకకు హాని లేదు. అటుపిమ్మట నాకు మెడకంటె మాటయే యెక్కువ బాధ పెట్టినది.

అమరకోశమున మన్య యనగా మెడ వెనుకటి సిర. స్తంభమనగా బిగిసి నిలుచుట. సుశ్రుతుఁడు మన్యాస్తంభమునకు పగటినిద్ర, సమముగాని చోటనుండుట, మెడ త్రిప్పి మీఁదికిఁ జూచుట వంటి కారణములు చెప్పెను. మన మెడపట్టు దానికి సరియైన తెలుగు. రెండును బిగిసిన స్థితిని చెప్పును గాని యెట్లు బిగిసెనో చెప్పవు. (మెడపట్టి గెంటుటను అర్ధచంద్రమందురు, అది వేఱొక శాస్త్రము!)

ఇంగ్లీషున విప్ అనగా కొరడా, లాష్ అనగా దాని విసురు. 1928లో హెరాల్డ్ క్రో అను అమెరికా ఎముకల వైద్యుఁడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రసంగించుచు మెడ గాయములకు ఈ మాట వాడెను. పిడి ముందు కదలి కొన ఆలస్యముగా విసరఁబడునట్లు, బండితోపాటు వీఁపు ముందునకుఁ బోవును; తల వెనుకఁబడి, పిదప విసరఁబడును. నొప్పి యొక్కొక్కప్పుడు మఱునాటికిఁ గాని తెలియదు. అమెరికాలో 1969 నుండి క్రొత్త కార్ల ముందు పీఠములకుఁ దలయానిక యుండవలెనని నియమించుట ఇందులకే. నా ఆటోలో అట్టిదేదియు లేదు.

చిత్రమేమనగా, తాను చెప్పినది కదలికను మాత్రమేయనియు, లోకము దానిని రోగమునకుఁ బేరుగాఁ జేసికొన్నదనియు క్రోయే 1964లో చెప్పుకొనెను.

మన భాషలో దీనికి "మెడకుదుపు" అనిన చాలునని నాకుఁ దోఁచినది. మెడలు సరిచేయువానికిఁ గూడ చెప్పితిని. ఇప్పుడతఁడు చేయి వేయుటకు ముందు, "నిద్రల పట్టిందా, బండిల కుదిపిందా?" అని యడుగుచున్నాడు. రెండవదైనచో ముట్టక పట్నపు వైద్యునికడకుఁ బంపుచున్నాడు.