పామాయిల్ గెల, ముక్కు పురుగు

జంగారెడ్డిగూడెం నుంచి ఏ ఊరికి బయల్దేరినా దారిలో పామాయిల్ తోటలు తగులుతాయి. ట్రాక్టర్లలో ఫ్యాక్టరీకి పోయే ఆ ఎర్రటి గెలల వెనుక ఒక బుల్లి పురుగు కథ ఉంది.

పామాయిల్ చెట్టుకు మగ పూగుత్తి, ఆడ పూగుత్తి వేర్వేరుగా, వేర్వేరు సమయాల్లో వస్తాయి. పుప్పొడిని గాలే మోస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. అది చాలక మలేషియాలో కూలీల చేత పుప్పొడి చల్లించేవారు. 1970ల చివర్లో కీటక శాస్త్రవేత్త రహమాన్ సయ్యద్ కామెరూన్ వెళ్లి, ఈ చెట్టు పుట్టింట్లోనే ఆరా తీశారు. అసలు పనివాడు బియ్యపు గింజంత కూడా లేని ముక్కు పురుగని తేల్చారు. వేరే పంటల మీద పడుతుందేమోనని ముందు పరీక్షించి, 1981లో మలేషియా తోటల్లో వదిలారు. నాకు నచ్చింది ఆ జాగ్రత్తే. 1985లో ఆ పురుగు కేరళకు చేరింది.

మగ పువ్వు విచ్చుకుంటే సోంపు వాసన వేస్తుంది. పురుగులు అక్కడే తిని, గుడ్లు పెడతాయి. ఆడ పువ్వుదీ ఇంచుమించు అదే వాసన. మోసపోయి వాలి, ఒంటికంటిన పుప్పొడి రాల్చిపోతాయి.

ఏలూరు దగ్గర పెదవేగిలో 1995 నుంచి ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం నడుస్తోంది. రైతు సోదరులారా, కాపుకొచ్చిన తోటలో మగ పూగుత్తులను తొందరపడి నరకకండి. పురుగు మందు కొట్టేముందు పెదవేగి కేంద్రం శాస్త్రవేత్తలను ఒక మాట అడగండి.