మారుబేరంలో న్యాయమెంత?

ఒక దసరాకు ముందు, సింగరేణి కార్మికులకు లాభాల వాటా చేతికందిన వారంలో, మా జ్యోతినగర్ టౌన్‌షిప్పులో పుట్టిన చిన్న వివాదమొకటి నా యింటి వరండాకు వచ్చినది. మా పొరుగు క్వార్టరులోని ఇల్లాలు తీరిక వేళల్లో సెల్‌ఫోన్ ద్వారా చీరలు, చేతిసంచులు అమ్ముతూ ఉండేవారు. టోకు వర్తకుడు ఫొటోలు పంపుతాడు. ఆమె అతని ధరపై నూరో, నూటయాభయ్యో వేసి వాట్సాప్‌లో పదిమందికీ చూపుతారు. సరుకు ఈమె గడప తొక్కకుండానే కొన్నవారి యింటికి చేరుతుంది. గోదావరిఖనిలోని ఒక గని కార్మికుని భార్య, విదేశీ కంపెనీ పేరు గల సంచి నొకదానిని ఈ విధంగా రెండువేల రూపాయలకు కొన్నది. హైదరాబాదులో చదువుకుంటున్న కూతురు సెలవులకు వచ్చి, చూచీ చూడగానే అది నకిలీ అని తేల్చినది.

"కంపెనీదే అన్నావు గదా, అక్కా!" అని ఆమె. "కంపెనీ పేరున్నదన్నాను గాని, కంపెనీదని అనలేదు" అని ఈమె. చివరకు మా పొరుగామె నా వైపు తిరిగి, "అన్నయ్యగారూ, నాకు మిగిలినది నూటయాభై. నేను చేసిన తప్పేమున్నది?" అని అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మారుబేరం మనకు కొత్త కాదు. సంతలో మేకను కొని పై సంతలో అమ్మేవాడు చేసేదీ అదే. తెచ్చిన శ్రమకు, అమ్ముడుపోదేమో అన్న భయానికి అతడు నాలుగు రూపాయలు తీసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఈ చేతిసంచుల వ్యాపారం దగ్గర మాత్రం లెక్క కొంత విచిత్రంగా ఉంటుంది.

పారిస్‌లోని ఎర్మెస్ సంస్థ 1984లో నటి జేన్ బర్కిన్ పేరు మీద ఒక సంచి తయారుచేసినది. ఆమె కోసం చేసిన మొట్టమొదటి సంచి 2025 జూలైలో పారిస్ వేలంలో దాదాపు 86 లక్షల యూరోలు పలికినది. అది పురావస్తువు వంటిది గనుక పోనిద్దాము. కొత్త బర్కిన్ సంచి సంగతి చూడండి. డబ్బు పట్టుకొని దుకాణానికి పోయినంత మాత్రాన దానిని అమ్మరు. ఎవరికి ఇవ్వవలెనో దుకాణంవారే ఎంచుకుంటారు. అది దక్కాలంటే ముందు ఇతర సరుకులు కొనవలసి వస్తున్నదని 2024లో కాలిఫోర్నియా కొనుగోలుదారులు కోర్టుకెక్కారు గూడా. 2025లో ఆ వ్యాజ్యం కొట్టివేయబడినది. దక్కినవారు దానిని మరునాడే ఆన్‌లైన్‌లో పెట్టి, దుకాణం ధరకు రెట్టింపు రాబట్టడం అరుదు కాదు.

ఇది సినిమా టిక్కెట్లు బ్లాకులో అమ్మడం వంటిది కాదా అని మీరడుగవచ్చును. కొంతవరకు అంతే. కాని ఇక్కడ కొరతను కల్పించినది మారుబేరగాడు కాదు, తయారుచేసినవారే. కొనేవారికి రెండు ధరలూ తెలుసును. సంచి లేనందువల్ల ఎవరి యింటా పొయ్యి ఆరదు. అందుచేత, సరుకు అసలైనదైనంత వరకు, ఆ లాభాన్ని నేను పాపమనలేను. ఆడంబరానికి కట్టిన వెల అంటాను. చట్టం గూడా అడ్డుచెప్పదు. న్యాయంగా కొన్న సరుకును అదే పేరుతో తిరిగి అమ్ముకోవచ్చునని మన 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 30వ సెక్షనులో ఉన్నది.

ఈ లాభాలన్నింటిలో కుట్టిన చేతికి దక్కినదెంత? డియోర్ సంస్థకు చెందిన ఒక ఉత్పత్తి కంపెనీపై 2024 జూన్‌లో మిలాన్ కోర్టు పర్యవేక్షణ విధించినది. దుకాణంలో 2,600 యూరోలకు అమ్మే సంచిని కూర్చినందుకు, ముడిసరుకు ఖర్చు కాక, సరఫరాదారుకు ముట్టినది 53 యూరోలని పరిశోధకులు చూపారు. ఆ పర్యవేక్షణ 2025లో ఎత్తివేయబడినది గాని, ఆ 53 అనే అంకె మాత్రం నా మనస్సును వదలలేదు.

ఇక నకిలీ సంగతి. న్యూయార్కులో షనెల్ సంస్థ ఒక పేరున్న మారుబేర సంస్థపై వ్యాజ్యం వేసి, 2024 ఫిబ్రవరిలో 40 లక్షల డాలర్ల పరిహారం గెలిచినది. నకిలీలు అమ్మడమే గాక, అసలు సంస్థతో తమకు సంబంధమున్నట్లు భ్రమ కల్పించడం కూడా అక్కడి నేరారోపణ. మన వద్ద నకిలీ గుర్తుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు శిక్ష, ఏబదివేల నుండి రెండు లక్షల దాకా జరిమానా. "ఫస్ట్ కాపీ" అని చెప్పి అమ్మినా నేరం నేరమే.

పారిస్ కంపెనీకి కలిగే నష్టం గురించి నాకంత బెంగ లేదు. అదే ఫోనులో, అదే పద్ధతిలో "పోచంపల్లి" పేరుతో వచ్చే అచ్చు చీరలను చూస్తే మాత్రం కడుపు మండుతుంది. పోచంపల్లి నేతగాడు నేయకముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతాడు. అందువల్ల చీరకు రెండు వైపులా పువ్వు ఒకే తీరుగా కనిపిస్తుంది, అంచుల వద్ద రంగు కొంచెం చెదరి ఉంటుంది. అచ్చువేసిన బట్టను తిరగవేస్తే సాధారణంగా వెలిసినట్లుంటుంది. ఆ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినా నలుగురైదుగురి రోజుల పనిని యంత్రం ఒక్క పూటలో అనుకరిస్తుంటే, ఆ అబద్ధాన్ని చేతులు మార్చే ప్రతివారూ నూటయాభై మిగుల్చుకుంటున్నారు.

ఇదంతా మా పొరుగామెకు చెప్పాను. "తెలియక అమ్మాను గదా" అన్నారు. "అడిగి తెలుసుకోవలసినదానికే గదమ్మా, ఆ నూటయాభై" అన్నాను. ఆమెకు కోపం వచ్చినది. రెండు రోజులు మా గేటు వైపు చూడలేదు. మూడవ రోజున గోదావరిఖనికి పోయి రెండువేలూ తిరిగి ఇచ్చివచ్చారు. టోకు వర్తకుడు సంచిని వాపసు తీసుకోలేదు. అటువంటి సంచుల ఫొటోలన్నీ ఆమె తన జాబితా నుండి తీసివేశారు. ఆ నెల అమ్మకం సగానికి పడిపోయినదని మా ఇంట్లో చెప్పుకొని బాధపడ్డారట.

ఈ మధ్య ఆ గని కార్మికుని భార్య మళ్లీ వచ్చినది. చీరను వరండా వెలుతురులో పరచి, తిరగవేసి, అంచు వద్ద వ్రేలు పెట్టి చూచి మరీ కొన్నది. నకిలీ సంచిలో మా పొరుగామె ఇప్పుడు కూరగాయలు తెచ్చుకుంటున్నారు.