బిందెల లెక్క

(విశాఖ దగ్గర దళిత ఉపాధ్యాయులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పంతుళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటి తరం. చిన్నప్పుడు ఊరి నూతి గట్టు ఎక్కనివ్వకపోతే, ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగినవాళ్లం. అలాంటి మేమే ఒక తప్పు చేశాం. ముందు అది ఒప్పుకుంటాం.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల తరచూ మొదటి పీరియడ్‌కి రాదు. ఆబ్సెంటు వేశాం. వచ్చాక బెంచీ ఎక్కించాం. ఆ రోజు పాఠం నీటి వనరులు. 'నీటిని పొదుపుగా వాడాలి' అని బోర్డు మీద రాశాం. బెంచీ మీంచే ఆ పిల్ల అంది: "మాకొస్తే కదా మాస్టారూ పొదుపు చేసేది! కుళాయి తొమ్మిదికొస్తాది. అమ్మ కూలికెళ్లిపోద్ది. నేను నిలబడకపోతే నీళ్లుండవు."

మేము ఏం చెప్పగలం? పుస్తకం మూసేశాం.

మర్నాటి నుంచి పిల్లలకి వేరే పాఠం ఇచ్చాం. ఇంటికెన్ని బిందెలొస్తున్నాయి, ఎవరు మోస్తున్నారు, ఎంతసేపు నిలబడుతున్నారు, రాసుకు రమ్మన్నాం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు అందాలి. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. బిందెకి 15 లీటర్లు అనుకుంటే 18 బిందెలు. మా వాడలో చాలా ఇళ్ల లెక్క పది బిందెలు దాటలేదు. మోసేది ఆడవాళ్లు, ఆడపిల్లలు. 18 బిందెలూ మొయ్యాలంటే రోజుకి 270 కిలోలు నెత్తిన పెట్టుకోవాలి. లెక్కల పాఠంలో ఇంతకన్నా నిజమైన లెక్క ఏముంది?

తర్వాత పటం గీయించాం. ట్యాంకు ఎక్కడ, వాల్వు ఎక్కడ, పైపు ఎటు పోతోంది? పటం పూర్తయ్యేసరికి పిల్లలకే తెలిసిపోయింది. పైపు పెద్ద వీధిలో మొదలై మన వాడలో ఆఖరవుతోంది. ముందు వాళ్ల బిందెలు నిండాలి, ఆఖర్న మన కుళాయి దగ్గాలి. అది పైపు తప్పా? కాదు. పైపు వేసిన చేతికి కులం ఉంది.

విశాఖలో నీళ్లు లేవంటారు. ముడసర్లోవ ఉంది, మేఘాద్రిగెడ్డ ఉంది, గోస్తనీ మీద తాటిపూడి ఉంది, రైవాడ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఏలేరు నుంచి 153 కిలోమీటర్లు కాలువ తవ్వి తెచ్చారు. ఉక్కు మన హక్కే, పోరాడి తెచ్చుకున్నాం. దానికోసం ఎన్నో ఊళ్లు లేచిపోయాయి. కొండలూ గెడ్డలూ దాటించి 153 కిలోమీటర్లు నీళ్లు తేగలిగిన సర్కారు, వీధి చివరి రెండొందల గజాలు తేలేదా?

నీళ్ల కొరత ఉన్నమాట నిజమే. సముద్రం పక్కన బోర్లు అదేపనిగా తోడితే ఉప్పునీరు లోపలికొస్తుంది. అందుకే పిల్లల చేత బడి డాబా కొలిపించాం. రెండొందల చదరపు మీటర్లు. మన దగ్గర ఏడాదికి మీటరు పైగానే వాన. అంటే ఆ ఒక్క డాబా మీదే రెండు లక్షల లీటర్లు పడుతున్నాయి. పట్టుకోవాలి, ఇంకించాలి. కాదనం. అయితే పొదుపు పాఠం ముందు, పంపకం పాఠం జరగాలి.

నీళ్ల కథలో మన చరిత్రంతా ఉంది. బొంబాయి శాసనమండలి 1923లోనే చెరువులు అందరివీ అని తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ 1924లో ఒప్పుకుంది. కాగితం మీద చెరువు మనది, చెయ్యి మాత్రం తగలకూడదు! 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి దోసిలి పట్టి ఆ హక్కు కోసం నిలబడ్డారు. 1985లో కారంచేడులో తాగే చెరువు దగ్గర మురికి కడగొద్దన్నందుకు గొడవ మొదలైంది. జూలై 17న ఆరుగురు మాదిగలను చంపేశారు. రాజ్యాంగం 15వ అధికరణం నూతులు, చెరువులు అందరివీ అంటోంది. ఆ అధికరణం మన పిల్లలకి నోటికి రావాలి.

పిల్లల లెక్కా పటమూ పట్టుకుని పంచాయితీకి వెళ్లాం. మొదటిసారి "చూద్దాం" అన్నారు. రెండోసారి "పిల్లలకెందుకీ రాజకీయాలు?" అన్నారు. మూడోసారి తల్లులు ఖాళీ బిందెలతో వచ్చారు. కుళాయి ఏడింటికి మారింది. కొత్త పైపు ఇంకా పడలేదు. కానీ ఆ పిల్ల మొదటి పీరియడ్‌కి వస్తోంది. మేము బెంచీ ఎక్కించినందుకు తరగతిలో అందరి ముందూ తప్పయిందని చెప్పుకున్నాం.

కార్యకర్తలారా, ఉపన్యాసాలతో సరిపెట్టొద్దు. ప్రతి వాడలో బిందెలు లెక్కెట్టండి, పైపు పటం గీయించండి. అర్జీ మీద సంతకాలతోపాటు లెక్క కూడా ఉండాలి. లెక్క చూపిస్తే కాదనడం వాళ్లకి కష్టం. బిందెతో నిలబడితే మరీ కష్టం.

జై భీమ్!