నల్లరేగడి నుంచి తారు ఇసుక దాకా



వానొస్తే మన విడపనకల్లు నల్లరేగడి బండి చక్రాలకు పట్టుకుని ఎద్దుల్ని కదలనిచ్చేది కాదు. నేను పనిచేసిన కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రే తారు ఇసుకదీ అదే గుణం. ఎండాకాలం లారీ తొట్టికి అంటుకుంటుంది, చలికాలం మైనస్ 40 డిగ్రీల్లో రాయిలా బిగుస్తుంది. 400 టన్నులు మోసే లారీలు దాన్ని తెచ్చి క్రషర్‌లో పోస్తాయి. నలగ్గొట్టి, వేడినీళ్లు కలిపి, గొట్టాల్లో తోస్తారు. దారిలోనే తారు ఇసుకను విడవడం మొదలుపెడుతుంది. పీపా చమురుకు సుమారు 2 టన్నుల ఇసుక కావాలి.

నీళ్లు చాలావరకు మళ్లీ వాడతారు. మిగిలిన బురదనీళ్లు చెరువుల్లా నిలిచిపోయాయి, తాగడానికి పనికిరావు. వాటిని మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. బిందె నీళ్లకు బారులు తీరిన ఊరివాణ్ణి కదా!

పిల్లలూ, ఇంజనీర్లు కండి. ఏ పనికైనా ముందు నీళ్ల లెక్క అడగండి.