కాల్చిన చేప ముక్క

(రేడియో సందేశము. వాక్యభాగము: లూకా సువార్త 24వ అధ్యాయము, 36 నుండి 43 వచనములు)

  వీలైనవారు బైబిలులో లూకా సువార్త 24వ అధ్యాయము తెరచి ఉంచుకోండి. కాసేపటికి అక్కడికి వద్దాము.

ముందుగా ఒక ప్రశ్న. మీలో దెయ్యాల సినిమా ఎన్నడూ చూడనివారు ఎంతమంది? చేతులెత్తమంటే రేడియోలో నాకు కనిపించవు. కాబట్టి నా సంగతి నేనే చెబుతాను. నేను చూశాను. ఎప్పుడు, ఎలా చూశానో, చూసిన తరువాత ఏమి చేశానో ఈ రోజు మీ ముందు ఒప్పుకోవాలని వచ్చాను.

మాది కర్నూలు జిల్లా గోనెగండ్ల. 1993వ సంవత్సరం, నాకు పన్నెండేళ్లు. దసరా సెలవులు ఇచ్చారు. చెనక్కాయ పీకే రోజులవి. మా వీధిలో పెద్దపిల్లలు తలా రెండు రూపాయలు పోగుచేసి, ఎమ్మిగనూరు నుండి ఒక రాత్రికి టీవీ, వీసీఆర్ బాడుగకు తెచ్చారు. మా నాయన సంఘ పెద్ద. ఆయనకు తెలిస్తే వీపు పగులుతుంది. అందుకని మిద్దెమీద పడుకుంటానని చెప్పి నేను కూడా వెళ్లాను. ఆ రాత్రి వేసిన సినిమాలలో ఒకటి రాంగోపాల్ వర్మ తీసిన "రాత్రి". 1992లో వచ్చింది. రేవతి నటించింది. కారు కింద పడి చచ్చిన పిల్లిపిల్ల, ఆ ఇంటి కింద ఉన్న చీకటి గది, ఆ అమ్మాయి మారిపోయిన కళ్లు, ఇవన్నీ ఈ రోజుకీ నా కళ్ల ముందు ఉన్నాయి. ఇంటికి వెళ్లి దుప్పటి ముసుగు తన్నినవాడిని, ఒంటికి పోవడానికి కూడా తెల్లవారే వరకు లేవలేదు.

నవ్వుకుంటున్నారా? నవ్వండి. అసలు సంగతి ముందుంది.

ఆ వెంటనే మహాలయ అమావాస్య వచ్చింది. మా పక్క పెద్దల అమావాస్య అంటారు. మా హిందూ ఇరుగుపొరుగువారు ఆ దినమున చనిపోయిన తమ పెద్దలను తలచుకొని, వారికి ఇష్టమైనవి వండి పెడతారు. అది వారికి ప్రేమతోను దుఃఖముతోను కూడిన దినము. కానీ మా పిల్లలకు మాత్రం అది దెయ్యాలు తిరిగే రాత్రి. చింతచెట్టు కిందికి పోవద్దని, వెనకనుండి పిలిస్తే తిరిగి చూడవద్దని ఒకరినొకరం భయపెట్టుకొనేవాళ్లం.

పడమటి దేశాలలో కూడా ఇలాగే జరిగింది. హాలోవీన్ అనే మాట మీ పిల్లలు మీకంటే ముందే విని ఉంటారు. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలు అక్టోబరు 31న దెయ్యాల వేషాలు వేసుకొని ఇంటింటికీ మిఠాయిల కోసం తిరుగుతారు. హైదరాబాదు, బెంగళూరులలో కూడా కొన్నిచోట్ల ఆ వేడుక జరుపుతున్నారు. ఆ మాటకు అర్థము పరిశుద్ధుల దినమునకు ముందటి సాయంకాలము. నవంబరు 1న సంఘము తనలో నిద్రించిన పరిశుద్ధులను జ్ఞాపకము చేసుకొనేది. అక్కడ కూడా పెద్దలను తలచుకొనే దినమునకు ముందటి రాత్రి దెయ్యాల రాత్రి అయింది. ప్రేమించినవారి జ్ఞాపకము ఎక్కడ ఉన్నదో అక్కడ భయము కూడా వచ్చి కూర్చుంటుంది. అది మనిషి స్వభావము.

మళ్లీ గోనెగండ్లకు వద్దాము. మా వీధి చివర, వంక దగ్గర ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. భర్త లేడు, పిల్లలు లేరు. కూలికి పోయేది. ఆమెకు చేతబడి వచ్చునని ఊరిలో ఒక మాట. ఆ సంవత్సరం మా వీధిలో ఒక చిన్నపిల్లకు జ్వరము వచ్చి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఆ ముసలామె చూపు తగిలిందని ఎవరో అన్నారు. ఆ మాట మా చెవిన పడింది. సినిమాలో చూసిన కళ్లు మాకు ఆమె ముఖములో కనిపించాయి.

అమావాస్య రాత్రి నలుగురం పిల్లలం వెళ్లి ఆమె ఇంటిమీద రాళ్లు వేశాము. దెయ్యాన్ని తరుముతున్నామని మా ధైర్యం. ఎవరని అడుగుతూ ఆమె తలుపు తీసి బయటికి వచ్చింది. అప్పుడు నేను వేసిన రాయి ఆమె నుదుటికి తగిలింది. అబ్బా అని కూలబడింది. మేము పరుగెత్తాము.

ఇంటికి వచ్చిన తరువాత నాకు అసలైన భయము మొదలైంది. ఆమె వస్తుంది, నా మీద పగ తీర్చుకుంటుంది అని తెల్లవార్లూ వణికాను. తెల్లవారి మా జేజి నా ముఖము చూసి అంతా రాబట్టింది. "అరుంధతి" సినిమా వచ్చాక జేజెమ్మ అనే మాట తెలుగువారందరి నోట పడింది గానీ, మా సీమలో మేము మొదటినుండీ నాన్న తల్లిని జేజి అనే పిలుస్తాము. మా జేజి నన్ను కొట్టలేదు. పసుపు, ఒక పాత గుడ్డ నా చేతికిచ్చి, "దెయ్యమైతే నెత్తురెందుకు కారుతుందిరా? నడువు" అని నన్ను ఆమె ఇంటికి తీసుకొని వెళ్లింది.

జేజి గాయం కడిగి కట్టు కట్టింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆ అవ్వ నన్ను చూసి, "ఎవరో పిల్లోళ్లు రాత్రిపూట రాళ్లేస్తా ఉంటారు నాయనా. చీకటి పడితే నాకూ బయమే" అన్నది. తరువాత గంపలోనుండి తన జొన్న రొట్టె తీసి, రెండు ముక్కలు చేసి, ఒకటి నాకిచ్చింది. ఆమె చేతి తిండి తింటే రక్తం కక్కుకొని చస్తారని మేము చెప్పుకొనేవాళ్లం. జేజి నా వైపు చూసింది. నేను తిన్నాను. కానీ రాయి వేసింది నేనే అని చెప్పలేదు. తరువాత కూడా చెప్పలేదు. నేను హైదరాబాదులో దైవశాస్త్రము చదువుకొంటున్న రోజులలో ఆమె చనిపోయిందని ఇంటినుండి ఉత్తరం వచ్చింది. ఇక చెప్పడానికి మనిషి లేదు.

శ్రోతలారా, ఇప్పుడు వాక్యభాగానికి వద్దాము. ప్రభువు లేచిన దినమున, సాయంకాలము, శిష్యులు ఒకచోట కూడి ఉన్నారు. ఆయన వారి మధ్యకు వచ్చి నిలిచాడు. వారు భూతమును చూచామనుకొని దడుచుకున్నారు. ఎందుకు దడుచుకున్నారు? చనిపోయినవాడు కనబడ్డాడు, అది ఒక కారణము. ఇంకొక కారణము కూడా ఉండవచ్చునని నేననుకొంటాను. వారు ఆయనను విడిచి పారిపోయినవారు. పేతురు ఆయనను ఎరుగనని చెప్పినవాడు. తాము అన్యాయము చేసిన మనిషి తిరిగి వచ్చాడు.

దెయ్యాల కథలన్నిటిలోనూ తరచుగా ఉండేది ఇదే కదా. "చంద్రముఖి" 2005లో వచ్చింది. రాజు చేతిలో అన్యాయమైపోయిన నాట్యగత్తె పగ దాని కథ. "అరుంధతి" 2009లో వచ్చింది. అందులోని కోటగా చూపించిన బంగళా మనకు దగ్గరలోనే, అప్పుడు కర్నూలు జిల్లాలోను ఇప్పుడు నంద్యాల జిల్లాలోను ఉన్న బనగానపల్లెలో ఉన్నది. అందులో సమాధి చేయబడినవాడు పగతో తిరిగి వస్తాడు. 2023లో వచ్చిన "విరూపాక్ష" చేతబడి చేశారని ఊరివారు ఒక జంటను తగలబెట్టడముతో మొదలౌతుంది. ఆ తరువాత ఆ ఊరిలో వరుసగా చావులు. కథలు వేరైనా చెప్పేది ఒకటే. దెబ్బతిన్నవాడు తిరిగి వస్తాడు, వస్తే పగతోనే వస్తాడు.

కానీ మన ప్రభువు ఎలా తిరిగి వచ్చాడు? ఆయనకంటే అన్యాయముగా చంపబడినవాడు ఎవడున్నాడు? అయినా ఆయన సమాధానముతో వచ్చాడు. గాయపడిన చేతులు, కాళ్లు చూపించాడు, ముట్టి చూడమన్నాడు. అప్పటికీ వారు నమ్మలేకపోతే తినడానికి ఏమైనా ఉన్నదా అని అడిగాడు. వారు కాల్చిన చేప ముక్క ఇచ్చారు. ఆయన వారి యెదుటనే తిన్నాడు. భయపడినవారి భయము పోగొట్టడానికి పరలోకమునుండి అగ్ని దింపలేదు. వారి ఇంటి కూడు వారి ముందు తిన్నాడు. ఈ వాక్యము చదివినప్పుడెల్లా నాకు ఆ జొన్న రొట్టె ముక్క గుర్తుకు వస్తుంది. నేను గాయపరచిన మనిషి నాకు అన్నము పెట్టింది. అప్పటికి నేను ఆదివారపు బడిలో ఎన్నో వచనాలు కంఠతా చెప్పేవాడిని. సువార్త ఏమిటో మాత్రం ఆ ఉదయము ఆ గుమ్మం దగ్గర చూశాను, చాలా ఏళ్లకు గాని తెలుసుకోలేదు.

అయితే ఈ వాక్యము మన ఇళ్లలో ఎలా పనిచేయాలి? మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, పిల్లలు చూసే సినిమాల సంగతి. దెయ్యాల సినిమా చూసినంతనే నరకానికి పోతావని నేను చెప్పను. సినిమావాడు మొదట నిశ్శబ్దము పెట్టి, తరువాత ఒక్కసారిగా పెద్ద శబ్దము వేస్తాడు. గుండె వేగము పెరుగుతుంది, ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది, ఏమీ కాలేదని తెలియగానే హాయి అనిపిస్తుంది. అందుకే మళ్లీ చూడాలనిపిస్తుంది. శబ్దము తీసివేసి చూపించండి, సగము భయము పోతుంది. పెద్దవారికి అది ఆట. చిన్నపిల్లలకు ఆట కాదు. 2024నుండి సినిమా సర్టిఫికెట్టు మీద ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని వయస్సు కూడా వేస్తున్నారు. దానిని చూడండి. ఫోను పిల్లవాడి చేతికిచ్చి మీరు నిద్రపోవద్దు. వాడు భయపడితే ఎగతాళి చేయవద్దు. పక్కన కూర్చొని, ఏమి చూశావు, ఎవరిని చూస్తే భయమేస్తున్నది అని అడగండి. ఆ రెండవ ప్రశ్న తప్పక అడగండి. భయము ఎప్పుడూ ఒక మనిషి ముఖము వెదుక్కుంటుంది.

రెండవది, రోగుల సంగతి. మూర్ఛ మెదడుకు సంబంధించిన జబ్బు. దానికి మందులున్నాయి. క్రమముగా వాడితే చాలామందికి మూర్ఛలు ఆగిపోతాయి. కాళ్లూ చేతులూ కొట్టుకున్న బిడ్డకు గాలి సోకిందని అంటే, ముందు ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. ప్రార్థన చేయండి, మందూ వేయండి. దెయ్యమని చెప్పి రోగిని కొట్టడము, కట్టివేయడము ప్రభువు పని కాదు. ఈ మాట మొదట మా సేవకులకే చెప్పుకొంటున్నాను. మార్టిన్ లూథరు 1517 అక్టోబరు 31న తన తొంభై అయిదు వాదములను ప్రకటించాడు. చనిపోయినవారు పడే బాధను గురించిన భయాన్ని కాసులుగా మార్చే వ్యాపారము మీదనే ఆయన మాట్లాడాడు. దెయ్యాల పేరు చెప్పి కానుకలు రాబట్టే మనము ఆ దినమును పండుగగా ఎలా చేసుకొంటాము?

మూడవది, మీ వీధి చివర ఉన్న మనిషి సంగతి. ఎవరూ మాట్లాడని ముసలామె, ఊరు నింద వేసిన విధవరాలు, తనలో తాను మాట్లాడుకొనే మనిషి ప్రతి ఊరిలోనూ ఉంటారు. చేతబడి చేస్తుందన్న నింద ఎక్కువగా పడేది బలములేనివారి మీదనే. ఆ నిందతో మనుష్యులను కొట్టి చంపిన సంఘటనలు మన తెలుగు నేలమీద జరిగాయి. అలాంటి మాట మీ చెవిన పడితే అక్కడే ఆపండి. ఈ వారములో మీ పిల్లలను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లండి. వారి చేతి నీళ్లు తాగండి. పెడితే తినండి. మా జేజికి దైవశాస్త్రము తెలియదు గానీ ఈ సంగతి తెలుసు.

ఒకవేళ నాలాగే మీరు కూడా ఎవరికో రాయి విసిరి ఒప్పుకోకుండా ఉన్నారేమో. ఆ మనిషి ఇంకా బ్రతికి ఉంటే ఈ రాత్రే వెళ్లండి. నాకు ఆ అవకాశము లేదు, మీకు ఉన్నది. ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, చీకటికి భయపడే మా పిల్లలను నీ చేతికి అప్పగిస్తున్నాము. మా భయమును బలహీనుల మీద మోపిన పాపమును క్షమించుము. ఒంటరిగా ఉన్న ప్రతి తల్లి తలుపు దగ్గర నీవే కావలి ఉండుము. గాయములతో వచ్చి సమాధానమిచ్చిన నీ కుమారుని మా బల్లలయొద్ద కూర్చుండనిమ్ము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.