పొద్దుగూకే వేళ లాల్‌బాగ్ బండ మీద



ఆసుపత్రిలో రోగి పక్కన నాలుగు రోజులు కూర్చున్నవారికి ఒక సంగతి తెలుస్తుంది. పగలు ఎలాగో గడిచిపోతుంది. డాక్టర్లు వస్తారు, రక్తపరీక్షలుంటాయి, మందుల చీటీ పట్టుకుని వరుసలో నిలబడే పని ఉంటుంది. రాత్రయితే అలసటే నిద్రపుచ్చుతుంది. గడవనిది పొద్దుగూకే వేళ. చూడవచ్చిన చుట్టాలు వెళ్లిపోతారు. జ్వరం ఉన్నవారికి సాధారణంగా అది పెరిగేది కూడా అప్పుడే. ఏ జబ్బూ లేని మనిషికైనా ఒంటి వేడి ఉదయం కంటే సాయంత్రం కాస్త ఎక్కువే. వార్డులో ట్యూబులైట్లు వెలుగుతాయి, కిటికీలో ఆకాశం నల్లబడుతుంది. రాకూడని ఆలోచనలన్నీ ఆ గంటలోనే వస్తాయి.

మన సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇదేమీ కొత్త కాదు. హిందూపురం కానీ, కదిరి కానీ, మదనపల్లె, పలమనేరు కానీ, పెద్ద జబ్బు అనగానే మన నోట వచ్చే పేరు బెంగళూరు. 2019 వేసవిలో మా అన్నయ్యను తీసుకుని నేనూ అలాగే వెళ్లాను. నలభై రోజులున్నాం. నాలుగో రోజు సాయంత్రం నా మొహం చూసి మా వదిన, "కాసేపు బయటికి పోయిరాప్పా. ఇద్దరమూ ఈడ కూచోని ఏం చేస్తాము?" అంది. ఎక్కడికని తోచక నడుచుకుంటూ పోతే లాల్‌బాగ్ గేటు కనిపించింది.

లాల్‌బాగ్ మీలో చాలామంది చూసే ఉంటారు. 1760లో హైదర్ అలీ వేయించడం మొదలుపెట్టిన తోట. ఆగస్టులోనూ జనవరిలోనూ పూల ప్రదర్శన జరిగే అద్దాల మేడకు 1889లో పునాది పడింది. మనవాళ్లు వెళితే ఆ మేడ ముందు ఫోటో తీయించుకుని వస్తారు. నేను మాత్రం ఆ రోజు జనం తక్కువ ఉన్న చోటు వెతుక్కుంటూ బండ ఎక్కాను. దాని నెత్తిన చిన్న గోపురం ఉంది. కెంపేగౌడ పేరుతో చెప్పుకునే నాలుగు గోపురాల్లో అదొకటి. ఊరు ఇంతవరకే పెరుగుతుందని ఆనాడు వేసిన హద్దులట అవి. ఊరు వాటిని ఎన్నడో దాటిపోయింది!

ఆ బండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి అక్కడ ఒక ఫలకం కూడా పెట్టారు. దీన్ని చూడడానికి బెంగళూరే పోనక్కరలేదు సుమా. ఈ జాతి రాయి కర్ణాటక దాటి మన రాయలసీమలోకీ పరచుకుని ఉంది. చిన్నప్పుడు మనం చింతపండు ఆరబోసి, జారుడుబండ ఆడిన రాళ్లు చాలావరకు దీని తోబుట్టువులే. పగలంతా ఎండకు కాగిన బండ సాయంత్రం కూర్చుంటే వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం దగ్గరే నాకు మొదటిసారి ఊపిరి ఆడింది.

అందరిలాగే నేనూ పడమటికే తిరిగి కూర్చున్నాను. మే నెలలో అక్కడ ఆరున్నర దాటాక పొద్దు గుంకుతుంది. చిలుకలు గుంపులుగా అరుచుకుంటూ చెట్లకు చేరతాయి. గద్దలు చప్పుడు లేకుండా తిరుగుతూ తిరుగుతూ దిగుతాయి. మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు కనుక సంజె ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే. లండన్ వేసవిలో ఏటవాలుగా జారతాడు కనుక ఇంచుమించు రెట్టింపు సేపు ఉంటుంది. మనకున్నది కొంచెమే, పైగా ఆ కొంచెంలో మనం ఇంట్లో లైట్లు వేసుకుంటూ ఉంటాం.

ఒకరోజు ఊరకే తూర్పుకు తిరిగాను. మేడల వెనక నేలకు ఆనుకుని నీలి బూడిద రంగు పట్టీ ఒకటి, దాని మీద లేత గులాబీ పట్టీ ఒకటి కనిపించాయి. మబ్బనుకున్నాను. చూస్తూ ఉండగానే ఆ నీలిపట్టీ మెల్లగా పైకి లేచింది. అది మబ్బు కాదు, భూమి నీడ అని తరువాత చదివి తెలుసుకున్నాను. సూర్యుడు పడమట దిగుతుంటే మనం నిలబడ్డ ఈ భూమి నీడ తూర్పున గాలి పొర మీద పడుతుంది. ఆయన దిగేకొద్దీ అది లేస్తుంది. గ్రహణం నాడు చంద్రుడి మీద పడేదీ ఈ నీడే. ఇంత పెద్ద సంగతి ఇన్నేళ్లుగా నా వీపు వెనక జరుగుతూ ఉంటే నేను చూడనే లేదు.

ఇంకొకటి చూశాను. అప్పుడు గుల్‌మొహర్ విరగబూసి ఉంది. వెలుతురు తగ్గేకొద్దీ ఆ మండిపోయే ఎరుపు ముందుగా నల్లబడింది. పక్కనున్న ఆకుల పచ్చదనం ఇంకా కాసేపు నిలిచింది. దీన్ని 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు గమనించి రాశాడు. మన కంటిలో పగటికి పనిచేసే కణాలు వేరు, మసక వెలుతురుకు పనిచేసేవి వేరు. రెండో రకానికి ఎరుపు ఆనదు.

రంగుల మాట వచ్చింది కనుక సర్ సి.వి. రామన్‌ను తలుచుకోవాలి. ఆయన చిన్నతనం గడిచింది, చదువు మొదలైంది మన విశాఖపట్నంలో. 1921లో ఓడ మీద వస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూసి ఆశ్చర్యపడడంతో మొదలైన ఆలోచన 1928లో ఆయన పేరిట నిలిచిన ఆవిష్కరణకు దారితీసింది. 1933లో బెంగళూరు వచ్చారు. డైరెక్టరు పదవిలో తగాదాలు వచ్చి 1937లో దాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆ తరువాత ముప్ఫై మూడేళ్లు ఆ ఊళ్లోనే ఉండి, చివరి దశలో గులాబీల రంగులను, కంటిచూపును పరిశోధిస్తూ గడిపారు. 1970లో కన్నుమూస్తే తన సంస్థ తోటలోనే దహనం చేసి, ఆ చోట సమాధి కట్టకుండా ఒక చెట్టు నాటారు.

ఆకాశం చూస్తే జబ్బు నయమవుతుందని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకమూ లేదు. మందు మందే. కానీ ఏడు గంటలకు కాపలావాళ్లు ఈల వేసేదాకా ఆ బండ మీద కూర్చుని వెళ్లిన రోజు, వార్డు మెట్లెక్కుతుంటే నా కాళ్లు వెనక్కి లాగేవి కావు.

అన్నయ్య రోజూ అడిగేవాడు, "ఈ పొద్దు ఏం జూసినావురా?" అని. చెప్పేవాణ్ణి. ఒకరోజు మబ్బు పట్టి ఏమీ కనపడలేదంటే, "నీడ లేసేది లేసే ఉంటుందిలే" అన్నాడు.

మీరు కూడా మబ్బు లేని సాయంత్రం చూడండి. పొద్దు గుంకిన అయిదు, పది నిమిషాలకు మిద్దె మీద కానీ చెరువుకట్ట మీద కానీ నిలబడి తూర్పుకు తిరగండి. ఖర్చేమీ లేదు.

అన్నయ్యను ఇంటికి తెచ్చుకున్నాం. ఏడాదిన్నర ఉన్నాడు. సాయంత్రం మిద్దె మీద మంచం తూర్పు ముఖంగా వేయించుకునేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ పడమటికి తిరిగి కూర్చుంటే, పట్టుబట్టి వాళ్ల కుర్చీలు తిప్పించేవాడు.